గట్ కిట్ కొంటున్నారా? ముందు డబ్బా వెనక చదవండి

ఐబీఎస్‌తో (పేగుల పనితీరు సరిగ్గా లేక కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల ఇబ్బంది వచ్చే సమస్య) బాధపడుతున్నవాళ్లు ఇంకొకరు నాలాగా 6,499 రూపాయలు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

నాలుగేళ్లుగా ఉబ్బరం, తిన్న అరగంటకే కడుపులో గుడగుడ, ఊరెళ్లాలంటే బాత్రూమ్ ఎక్కడుంటుందో అని టెన్షన్. ఫోన్‌లో ఒక యాడ్ కనిపించింది. ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారట, ఒంటికి ఏ తిండి పడదో చెప్తారట, పేగులకు మంచిదనే మూడు నెలల గట్ పౌడర్ కూడా ఆ కిట్‌లోనేనట. కట్టేశాను.

రిపోర్టు రంగురంగులుగా వచ్చింది. పాలు, పెరుగు, గోధుమ, కందిపప్పు, గుడ్డు అన్నీ ఎరుపే. నేను రోజూ తినేవన్నీ! అప్పుడే అనుమానం రావాల్సింది. ఆ పరీక్షలో చూసేది ఒంటి రక్షణ వ్యవస్థ తయారుచేసే ఐజీజీ అనే యాంటీబాడీలను. తరచూ తినేవాటికి అవి మామూలుగానే తయారవుతాయి, ఆ తిండి పడట్లేదనడానికి రుజువు కావు. పైగా పాలు పడకపోవడమంటే పాలలోని చక్కెర లాక్టోజ్‌ను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగులో తగ్గడం. దానికి యాంటీబాడీలను వెతికితే ఏం దొరుకుతుంది?

ఇదంతా తర్వాత తెలిసింది లెండి. అప్పటికే రెండు నెలలు పప్పూ పెరుగూ మానేసి ఐదు కిలోలు తగ్గాను. ఉబ్బరం మాత్రం పెరిగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "చెడు బ్యాక్టీరియా చచ్చిపోతోంది మేడమ్, మంచి లక్షణమే" అన్నారు. ఒకరోజు డబ్బా వెనకున్న చీమతలకాయంత అక్షరాలను ఫోటో తీసి, పెద్దవి చేసి చదివాను. ఇన్యులిన్, ఎఫ్ఓఎస్, వాటి కింద స్కిమ్డ్ మిల్క్ పౌడర్! రిపోర్టులో పాలు ఎరుపట, పౌడర్‌లో పాలపొడి. ఇన్యులిన్, ఎఫ్ఓఎస్ రెండూ మనకు అరగని పీచే. పేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. రోజూ రెండు చెంచాల చొప్పున దానికి నేనే విందు పెట్టానన్నమాట.

చివరికి గ్యాస్ట్రో డాక్టర్ బ్రెత్ టెస్ట్ రాశారు. రాత్రంతా ఏమీ తినకుండా ఉండి, పొద్దున్నే గ్లూకోజ్ నీళ్లు తాగి, పావుగంటకోసారి గొట్టంలోకి ఊదాలి. గంటన్నరలోపు ఊపిరిలో హైడ్రోజన్ (బ్యాక్టీరియా పులియబెడితే వచ్చే గ్యాస్) 20 పీపీఎం, అంటే పది లక్షల్లో 20 వంతులు, పెరిగితే చిన్నపేగులో బ్యాక్టీరియా ఎక్కువైందని లెక్క. నాకు పెరిగింది. లాక్టోజ్ టెస్ట్ (గ్లూకోజ్ బదులు లాక్టోజ్ తాగి ఊదేది) ముందే ఎందుకు చేయలేదని అడిగాను. బ్యాక్టీరియా చిన్నపేగులో ఉంటే పాల చక్కెరను అక్కడే పులియబెట్టేస్తుందట, ఎంజైమ్ బాగానే ఉన్నా పాలు పడవన్నట్టే ఫలితం వస్తుందట. యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక, నెలకు పైగా ఆగి లాక్టోజ్ టెస్ట్ చేస్తే నార్మల్. (ఆ మందు పేరు అడగకండి, సొంతంగా కొనుక్కునేది కాదు.) ఐబీఎస్ పోలేదు కానీ రాత్రిపూట పెరుగన్నం తింటున్నాను.

తెరిచిన డబ్బా వెనక్కి తీసుకోరట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా నడుస్తోంది. మీకు అలాంటి యాడ్ వస్తే ఒక్కటే అడగండి, అది ఐజీజీ పరీక్షేనా అని. అవునంటే ఫోన్ పెట్టేయండి.