బ్లాక్‌జాక్ లెక్క: హై-లో చాలా, జెన్ దాకా వెళ్లాలా?

పడిన ముక్కల్ని మనసులో లెక్కపెట్టుకునే పద్ధతుల్లో, ఆరు కట్టలతో ఆడే బ్లాక్‌జాక్ బల్ల ముందు కూర్చునేవాళ్లకు హై-లో చాలు. ఈ మాట గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావకు అస్సలు నచ్చదు. బావది జెన్ కౌంట్. వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో మొదలైన వాదన గోవాలో మాండోవి నది మీది క్యాసినో ఓడ ఎక్కేదాకా తెగదు.

తెలియనివాళ్ల కోసం ముందు రెండింటి తేడా. బ్లాక్‌జాక్ అంటే చేతిలో ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్ మీద గెలిచే ఆట. పడిన ప్రతి ముక్కకూ ఓ అంకె వేసి కూడుకుంటూ పోతే, మొత్తం పెరిగేకొద్దీ మిగిలిన వాటిలో పెద్ద ముక్కలు ఎక్కువున్నాయని, అంటే ఆడేవాడికి మంచిదని అర్థం. హై-లోలో 2 నుంచి 6 దాకా ఏ ముక్క పడినా ప్లస్ ఒకటి. 7, 8, 9కి సున్నా. పదికీ, జాకీ, రాణి, రాజులకీ, ఆసుకీ మైనస్ ఒకటి. హార్వీ డబ్నర్ 1963లో చెప్పిన పద్ధతి ఇది. ఆర్నాల్డ్ స్నైడర్ తయారుచేసిన జెన్‌లో మెట్లు రెండు. 2, 3, 7కి ప్లస్ ఒకటి, 4, 5, 6కి ప్లస్ రెండు, 8, 9కి సున్నా, పదికీ బొమ్మలకీ మైనస్ రెండు, ఆసుకు మైనస్ ఒకటి.

ఈ విలువలు ఊరికే పెట్టినవి కావు. ఒకే కట్టతో ఆడుతున్నప్పుడు అందులోంచి ఒక అయిదు వెళ్లిపోతే ఆడేవాడికి దాదాపు 0.7 శాతం కలిసొస్తుంది. రెండు వెళ్లిపోతే 0.4 శాతం కూడా రాదు. హై-లో ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంది. ఏడు వెళ్లిపోయినా కొంత లాభమే కానీ హై-లో దాన్ని అసలు పట్టించుకోదు. “ఇది లెక్కా? ఉజ్జాయింపు!” అంటాడు బావ. అక్కడిదాకా బావ మాట నిజమే.

కానీ లెక్క చేయాల్సిన పనులు రెండు. పందెం ఎప్పుడు పెంచాలో చెప్పడం ఒకటి, చేతిలో ఉన్నదానికి ఇంకో ముక్క అడగాలా ఆగాలా అన్నది చెప్పడం రెండోది. ఈ రెండు పనులనూ విడివిడిగా ఎలా కొలవాలో గణితం చెప్పే ప్రొఫెసర్ పీటర్ గ్రిఫిన్ చూపించారు. 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది. పందెం విషయంలో హై-లోకు 0.97, జెన్‌కు 0.96. ఆట విషయంలో హై-లోకు 0.51, జెన్‌కు 0.63. అంటే జెన్ గెలిచేది రెండోదాంట్లోనే. మొదటిదాంట్లో వెంట్రుకవాసి వెనకే ఉంది.

కారణం ఆసు. పందెం పెట్టేటప్పుడు ఆసంత విలువైన ముక్క లేదు, ఎందుకంటే పదితో కలిసి బ్లాక్‌జాక్ అయ్యేది అదే. చేతిలో పన్నెండో పదమూడో ఉండి ముక్క అడిగినప్పుడు మాత్రం అదే ఆసు చిన్న ముక్కలా వస్తుంది. ఒకే అంకెతో ఈ రెండు అవతారాలనూ పట్టుకోవడం కుదరదు. జెన్ సగం సగం సర్దుకుంది. బ్రైస్ కార్ల్‌సన్ చేసిన ఒమేగా టూ అయితే ఆసుకు సున్నా ఇచ్చి, ఆసులను మనసులో వేరే లెక్కపెట్టుకోమంటుంది. ఆట విషయంలో 0.67తో అది జెన్‌ను కూడా దాటుతుంది, కానీ ఆసుల లెక్క వదిలేస్తే పందెంలో 0.92కి పడిపోతుంది. ఒకే బుర్రలో రెండు లెక్కలు, పక్కన డీలర్ కబుర్లు, చేతిలో చిప్స్. నా వల్ల కాదు.

ఆరు కట్టలంటే 312 ముక్కలు. అంత పేకలో నాలుగు ముక్కలు అటూ ఇటూ అయినా ‘అడగాలా ఆగాలా’ అన్న నిర్ణయం పెద్దగా మారదు. అక్కడ డబ్బు వచ్చేది మంచి ముక్కలు మిగిలినప్పుడు పందెం పెంచడంలోనే. జెన్ బలం ఒకటి రెండు కట్టల ఆటలో, అదీ తిరిగి కలిపేముందు చాలా లోతుగా పంచినప్పుడు కనిపిస్తుంది.

ఇక అలసట సంగతి. హై-లోలో చిన్న ముక్కా పెద్ద ముక్కా జంటగా పడితే చెల్లుకు చెల్లు, చూసి వదిలేయొచ్చు. జెన్‌లో రాజు పక్కన అయిదు పడితే సున్నా, మూడు పడితే మైనస్ ఒకటి. 5, రాజు, 4, 6, 9, రాణి, 7 వరసగా పడ్డాయనుకోండి. హై-లోలో ప్లస్ ఒకటి, జెన్‌లో ప్లస్ మూడు. ఇంట్లో తీరిగ్గా ఎవరైనా చెప్తారు. బల్ల మీద ఏడుగురి ముందు ముక్కలు టకటకా పడుతుంటే, ఆ మొత్తాన్ని మిగిలిన కట్టలతో భాగించుకోవాలంటే టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో దొర్లే తప్పులు జెన్ ఇచ్చే కాస్త అదనాన్నీ మింగేస్తాయి.

ఇంట్లో పరీక్షించుకోవడం తేలికే. కట్ట మొత్తం ఒక్కో ముక్కా తిప్పుతూ పోతే ఈ రెండు పద్ధతుల్లో దేనిలోనైనా చివరికి సున్నా రావాలి. టీవీ మోగుతుండగా, ఇంట్లోవాళ్లు పలకరిస్తుండగా అర నిమిషంలో వస్తే హై-లో మీ చేతికొచ్చినట్టే. ఆ తర్వాత రెండో మెట్టు జోలికి పోకుండా, లెక్కను బట్టి ఆట మార్చుకోవాల్సిన సందర్భాల్లో డాన్ ష్లెసింగర్ ఏరి పెట్టిన 18 మార్పులు నేర్చుకోవడం మేలు. వాటిలో మొదటిది ఇన్సూరెన్స్, అంటే డీలర్‌కు ఆసు కనిపించినప్పుడు అతనికి బ్లాక్‌జాక్ వస్తుందని పెట్టే పక్క పందెం. భాగించాక లెక్క ప్లస్ మూడుకు చేరితేనే అది తీసుకోవాలి.

అసలు మా వాదన కన్నా బల్ల మీద రాసి ఉన్న నిబంధన పెద్దది. బ్లాక్‌జాక్‌కు 3కు 2 (రెండు పెడితే మూడు) బదులు 6కు 5 (అయిదు పెడితే ఆరు) ఇచ్చే బల్ల అయితే క్యాసినోకు దాదాపు 1.4 శాతం అదనంగా పోతుంది. జెన్ కాదు కదా, దాని తాత వచ్చినా ఆ గండి పూడదు. ఆడేసిన ముక్కల్ని వెంటవెంటనే తిరిగి కలిపేసే మెషీన్ ఉంటే లెక్కే దండగ. ఫోన్లో సాఫ్ట్‌వేర్ పంచే ఆట కూడా అంతే, చెయ్యి చెయ్యికీ కొత్తగా కలుపుతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది కాబట్టి దాని ఊసు వద్దు.

పండక్కి విజయవాడలో మా ఇంట్లో ఒకే కట్టతో, పల్లీ గింజలే పందెంగా కూర్చున్నప్పుడు మాత్రం జెన్‌దే పైచేయి. కట్ట అడుగుదాకా పంచుతాం, తొందర పెట్టేవాళ్లుండరు. రెండు కట్టలతో ఆడుతూ, ముప్పాతిక వంతు దాకా పంచి, 3కు 2 ఇచ్చే బల్ల నిజంగా ఎక్కడైనా దొరికితే అప్పుడు నేనూ జెన్ నేర్చుకుంటాను. ఆరు కట్టల బల్ల దగ్గర మాత్రం హై-లోనే.