వెడ్జ్ పెంచాలా, ట్రాక్ బార్ దించాలా?

ఎడమకే తిరిగే ఓవల్ ట్రాక్‌పై స్టాక్ కారు (మామూలు కారు ఆకారంలో ఉండే రేసు కారు) లూజ్‌గా ఉండి, మలుపులో వెనుక భాగం బయటికి జారుతుంటే, రేసింగ్ సిమ్యులేషన్‌లో దాన్ని అదుపు చేయడానికి సాధారణంగా ఎంచుకునే మార్గాలు రెండు: వెడ్జ్ పెంచడం, ట్రాక్ బార్ దించడం.

వెడ్జ్ అంటే కుడి ముందు చక్రం, ఎడమ వెనుక చక్రం కలిసి మోసే భారం కారు మొత్తం బరువులో ఎంత శాతమో చెప్పే లెక్క. ఇది పెరిగేకొద్దీ కారు టైట్ అవుతుంది, అంటే వెనుక భాగం జారడం తగ్గి, ముందు భాగం తిరగడానికి మొరాయిస్తుంది. ముఖ్యంగా మలుపు నుంచి బయటపడుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఎడమ వెనుక టైరుకు పట్టు దొరికి, వెనుక భాగం నిలకడగా సాగుతుంది. అయితే మోతాదు మించిందంటే స్టీరింగ్ ఎంత తిప్పినా కారు గోడవైపే జారుతుంది, కుడి ముందు టైరు త్వరగా వేడెక్కి అరిగిపోతుంది.

ట్రాక్ బార్ వెనుక ఇరుసును పక్కకు జరగనివ్వకుండా పట్టి ఉంచే కడ్డీ. దాన్ని దించితే వెనుక రోల్ సెంటర్ (మలుపులో కారు బాడీ పక్కకు ఒరిగేటప్పుడు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కిందికి దిగి, మలుపు మధ్యలో కారు కుదురుకుంటుంది. అమెరికా స్టాక్ కారు రేసుల పోటీ అయిన నాస్కార్ కప్ కార్లలో 2015 నుంచి డ్రైవర్లే దీన్ని నడుపుతూ మార్చుకునేవారు; 2022లో వచ్చిన నెక్స్ట్ జెన్ కారుకు స్వతంత్ర వెనుక సస్పెన్షన్ (వెనుక చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటు) అమర్చడంతో ఆ బారే లేకుండా పోయింది, కనుక ఆటలో ఎంచుకున్న కారు ఏ తరానిదో ముందు చూసుకోవాలి.

నా మటుకు, యాక్సిలరేటర్ తొక్కగానే అదుపు తప్పే కారుకు వెడ్జే మేలు. మలుపు మధ్యలో మాత్రమే తడబడితే బారును కొద్దిగా దించి, వెడ్జ్ జోలికి పోకుండా నాలుగైదు ల్యాపులు తిప్పి చూస్తాను.