ఎస్‌యూవీలనే నమ్ముకున్న గ్రేట్ వాల్: హావల్ హెచ్6 హైబ్రిడ్ సమీక్ష

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కొత్త కారు కొనేటప్పుడు టయోటా, మాజ్డాలతో పాటు ఇప్పుడు హావల్ పేరును కూడా పరిశీలిస్తున్నాయి. తక్కువ ధర ఒక్కటే చూసి చైనా కారును ఎంచుకోవడం సరికాదు కాబట్టి, దాని వెనుక ఉన్న సంస్థ గురించి ముందుగా చెప్పడం అవసరం.

హావల్ కార్లను తయారుచేసే గ్రేట్ వాల్ మోటర్ 1984లో చైనాలోని హెబెయ్ ప్రావిన్స్‌లో ఉన్న బావోడింగ్‌లో మొదలైంది. 1990లో వెయ్ జియాన్‌జున్ పగ్గాలు చేపట్టేనాటికి అదొక చిన్న వర్క్‌షాపు మాత్రమే. డీర్ పికప్ ట్రక్కుతో నిలదొక్కుకున్న ఆ సంస్థ, 2011లో హెచ్6ను విడుదల చేసి, 2013లో హావల్‌ను ప్రత్యేక బ్రాండుగా వేరు చేసి, క్రమంగా సెడాన్లను వదిలి ఎస్‌యూవీల మీదే శక్తినంతా పెట్టింది. చైనాలో హెచ్6 ఏళ్ల తరబడి అత్యధికంగా అమ్ముడైన ఎస్‌యూవీగా నిలిచిందంటే, ఆ నిర్ణయం ఎంత సరైనదో తెలుస్తుంది.

నాకు ఈ సంస్థపై గౌరవం కలిగించింది మాత్రం అమ్మకాలు కాదు. హెచ్8 అనే ఖరీదైన మోడల్‌లో అధిక వేగం వద్ద ట్రాన్స్‌మిషన్ (గేర్ల వ్యవస్థ) నుంచి శబ్దం వస్తోందని తేలినప్పుడు, హాంకాంగ్‌లో షేరు ధర పడిపోతున్నా, 2014లో రెండుసార్లు దాని అమ్మకాలను వాయిదా వేసి, లోపాన్ని సరిచేశాకే 2015లో మార్కెట్లోకి తెచ్చారు. కొనేవారికి కావలసిన భరోసా అలాంటి చోటే దొరుకుతుంది.

ఇక హెచ్6 హైబ్రిడ్ విషయానికి వస్తే, 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటారు కలిసి 179 కిలోవాట్ల శక్తిని, 530 న్యూటన్ మీటర్ల టార్క్‌ను (చక్రాలను తిప్పే బలాన్ని) ఇస్తాయి. నగరంలో నెమ్మదిగా వెళ్లేటప్పుడు చక్రాలను మోటారే తిప్పుతుంది, ఇంజిన్ అవసరమైనప్పుడు విద్యుత్తును ఉత్పత్తి చేస్తుంది. హైవే మీద ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. అందువల్ల సిగ్నళ్ల దగ్గర కదలిక మెత్తగా, చురుకుగా ఉంటుంది. కంపెనీ లెక్క ప్రకారం వంద కిలోమీటర్లకు 5.2 లీటర్ల పెట్రోల్ చాలు. పెట్రోల్ మోడల్‌తో పోలిస్తే అదనంగా పెట్టే డబ్బు సార్థకమే అని నా అభిప్రాయం. పరిమితి లేని కిలోమీటర్లతో ఏడేళ్ల వారంటీ, 2022లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో కార్ల భద్రతను పరీక్షించే సంస్థ యాన్‌క్యాప్ ఇచ్చిన ఐదు నక్షత్రాల భద్రతా రేటింగు కూడా దీనికి బలాన్నిస్తున్నాయి.

లోపలి అలంకరణ ధరకు మించి ఉంది. అయితే బటన్లతో తేలిగ్గా అయ్యే చాలా పనులను టచ్‌స్క్రీన్‌కు అప్పగించడం నాకు నచ్చలేదు. నడుపుతూ తెర వైపు చూడవలసి రావడం భద్రతకు మంచిది కాదు.

భారతదేశంలో ఈ కారు దొరకదు. మహారాష్ట్రలోని తలేగావ్‌లో ఉన్న జనరల్ మోటర్స్ ఫ్యాక్టరీని కొనేందుకు గ్రేట్ వాల్ 2020 జనవరిలో కుదుర్చుకున్న ఒప్పందం, సరిహద్దు దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి కావడంతో ముందుకు సాగక 2022లో ముగిసిపోయింది. ఆ ఫ్యాక్టరీ తరువాత హ్యుందాయ్ చేతికి వెళ్లింది.

నలుగురున్న కుటుంబానికి హైబ్రిడ్ మోడల్‌నే సూచిస్తాను. ఇందులో ఐదు సీట్లే ఉన్నాయి కాబట్టి, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉండే ఇంటికైతే ఏడు సీట్ల వాహనం చూసుకోవడమే మేలు.