అమలాపురంలో గాలిగుడారం ప్లానిటోరియం: బొమ్మ బాగుంది, కథే తేడా కొట్టింది

కల్యాణమండపంలో ప్లానిటోరియం, అంటే ఆకాశాన్ని గుండ్రటి కప్పు మీద బొమ్మగా చూపించే షో, పెట్టారని వాట్సాప్‌లో పోస్టర్ తిరుగుతుంటే మొన్న ఆదివారం మా అమ్మాయినీ మేనల్లుణ్ణీ తీసుకుని వెళ్లానండి. హైదరాబాద్ బిర్లా ప్లానిటోరియం లాంటిది ఊహించుకోకండి. ఒక ఫ్యాను ఆగకుండా గాలి కొడుతుంటే ఉబ్బి నిలబడే నల్లటి గుడారం, మోకాళ్ల మీద పాక్కుంటూ దూరాలి, కింద జంపఖానా, నలభై మందిమి. పెద్దలకి 80, పిల్లలకి 50. మా అత్తగారు ఆ గుమ్మం చూసి "మీరెళ్లి రండమ్మా, నేనిక్కడే కూర్చుంటా" అనేశారు.

"విశ్వం పుట్టుక" అని 35 నిమిషాల షో. బొమ్మకి మాత్రం వంక పెట్టలేం. చీకట్లో తలెత్తి చూస్తుంటే పాలపుంత నడినెత్తి మీంచి కిందికి దిగుతోంది, మేనల్లుడు నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. వ్యాఖ్యానం పేరుకి తెలుగే, నిఘంటువు పక్కన పెట్టుకుని వినాలి.

నాకు చిర్రెత్తింది మొదట్లోనే. అంతా చీకటి, ఢామ్మని చప్పుడు, మధ్యలో లక్ష్మీ బాంబు పేలినట్టు పేలి ముక్కలు నాలుగు వైపులా ఎగిరాయి. విశ్వం ఎలా మొదలైందో చెప్పే సిద్ధాంతం, బిగ్ బ్యాంగ్ అంటే అది కాదు కదా! ఖాళీ గదిలో ఓ మూల బాంబు పేలితే ఆ మూల ఎక్కడో వెతికి పట్టుకోవచ్చు, ఇక్కడ గదే సాగుతోంది, అన్ని చోట్లా ఒకేసారి. అసలు ఆ పేరు పెట్టిందే ఆ సిద్ధాంతాన్ని నమ్మని మనిషి, ఫ్రెడ్ హాయిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త, 1949లో బీబీసీ రేడియోలో మాట్లాడుతూ అన్నాడు, అదే అతుక్కుపోయింది.

షో అయ్యాక మా అమ్మాయి లేచి "అంకుల్, విశ్వం పెరుగుతోందన్నారు కదా, దేంట్లోకి పెరుగుతోంది?" అనడిగింది. షో నడిపే ఆయన వాచీ చూసుకుని "నెక్స్ట్ బ్యాచ్ వెయిటింగమ్మా" అన్నాడు. అసలైన ప్రశ్న అదే. దానికి టైము లేకపోతే ఇంకెందుకండీ ఈ షో?

రాత్రి ఇడ్లీ పిండి కలుపుతూ నేనే చెప్పాల్సొచ్చింది. పిండిలో నాలుగు మెంతి గింజలు నలక్కుండా ఉండిపోయాయనుకోండి. తెల్లారేసరికి పిండి పొంగుతుంది. ఏ గింజా ఈదుకుంటూ వెళ్లలేదు, అయినా ప్రతి గింజకీ మిగతావి దూరమయ్యాయి, పక్కది కొంచెం, ఆ చివరిది ఎక్కువ. ఏ గింజ మీద కూర్చుని చూసినా తనే మధ్యలో ఉన్నట్టుంటుంది. 1929లో ఎడ్విన్ హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త గెలాక్సీల్లో, అంటే మన పాలపుంత లాంటి నక్షత్రాల గుంపుల్లో, చూసింది ఇదే, ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతున్నాయి. అంతకు రెండేళ్ల ముందే బెల్జియం చర్చి ఫాదర్ లెమైత్ర్ లెక్కలు కట్టి చెప్పాడు, షోలో పాపం ఆయన పేరే లేదు. పిండికైతే గిన్నె అంచు ఉంటుంది, విశ్వానికి అంచు ఇప్పటిదాకా ఎవరికీ కనబడలేదు, "బయట" అనేది ఉండి తీరాలనీ లేదు, అక్కడ నా పోలిక కూడా పనికిరాదు. "అయితే మన ఇల్లు కూడా సాగుతోందా?" అంది మా అమ్మాయి. లేదు, గింజ సాగదు. గెలాక్సీ లోపల గురుత్వాకర్షణ పట్టి ఉంచుతుంది. మన పక్కనున్న ఆండ్రోమెడా గెలాక్సీ అయితే ఎదురు మన వైపే వస్తోంది.

కరెంటు సంగతి చెప్పాలి. "విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో తేలింది" అంటుండగా కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, గుడారం మెల్లగా మా నెత్తిన వాలింది. పెద్దాళ్లం నవ్వుకున్నాం గానీ చిన్నపిల్లలు ఏడుపు అందుకున్నారు. జనరేటర్ వెయ్యడానికి మూడు నిమిషాలు. దాని పక్కన ఒక మనిషిని పెట్టుకోవద్దూ?

అన్నిటికన్నా బాగున్నది టికెట్టులో లేనిది. బయట బల్ల మీద ఒక పాత డబ్బా టీవీ, యాంటెన్నా తగిలించి, ఏ ఛానలూ రాని చోట పెట్టి ఉంచారు. తెర నిండా చుక్కలు, గరగర. ఆ చుక్కల్లో ఒక శాతం దాకా విశ్వం 3.8 లక్షల ఏళ్ల వయసులో ఉన్నప్పుడు బయల్దేరిన వెలుగట, ఇప్పుడు విశ్వం వయసు దాదాపు 1380 కోట్ల ఏళ్లు, ఆ వెలుగు దార్లో సాగి సాగి కంటికి కనబడని మైక్రోవేవ్ తరంగాలైపోయింది. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకి యాంటెన్నాలో ఇదే రొద వినిపిస్తే పావురాల రెట్టల వల్లేమోనని శుభ్రంగా తుడిపించారు, రొద పోలేదు. 1978లో నోబెల్ వచ్చింది. టీవీ దగ్గరున్న కుర్రాడు ఇదంతా ఓపిగ్గా చెబుతున్నాడు, మైకు వాడికిస్తే బాగుండేది.

మేం బయటికొచ్చేసరికి అత్తగారు అక్కడే కుర్చీ వేసుకుని ఉన్నారు. "దూరదర్శన్ అయిపోయాక రాత్రుళ్లు వచ్చేది ఇదేనటమ్మా, అన్నేళ్లు చూశాం, మీ మావయ్య కట్టేయమని కసిరేవారు" అన్నారు.

నా లెక్కలో 5కి 3. వెళ్తే పొద్దుటి షోకి వెళ్లండి, మధ్యాహ్నం లోపల ఉడికిపోతాం. ఆ టీవీ దగ్గర ఓ పావుగంట ఆగండి, దానికి డబ్బులేం అడగరు.