పాత మార్షల్ యాంప్: లోపల మార్పు చేయించాలా, ముందు పెడల్ పెట్టాలా?

1970ల నాటి, మాస్టర్ వాల్యూమ్ (మొత్తం శబ్దాన్ని విడిగా తగ్గించే నాబ్) లేని 50 వాట్ల మార్షల్ గిటార్ యాంప్ అనుకుందాం. దాని అసలు క్రంచ్ (గరగరలాడే డిస్టార్షన్) వాల్యూమ్ బాగా పెంచితేనే వస్తుంది. అప్పటికి పక్కింటివాళ్లు తలుపు కొడుతుంటారు. అందుకే కొందరు లోపల మాస్టర్ వాల్యూమ్, అదనపు గెయిన్ స్టేజ్ (సిగ్నల్‌ను ఇంకా పెంచే సర్క్యూట్) పెట్టిస్తారు. మరికొందరు యాంప్‌కు ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్‌తో (కాలితో నొక్కే డిస్టార్షన్ పెట్టె) సరిపెట్టుకుంటారు.

ఖర్చు: మార్పుకు విడిభాగాలు చవకే, డబ్బంతా పని తెలిసిన చేతికి. పెడల్ నచ్చకపోతే అమ్మేయొచ్చు.

శ్రమ: పెడల్‌కు రెండు కేబుళ్లు చాలు. మార్పుకు ట్యూబ్ యాంపులు తెలిసిన మెకానిక్‌ను వెతకాలి, అదే పెద్ద పని.

రిస్క్: ప్లగ్ తీసేసినా ఛార్జ్ నిల్వ ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులు మిగిలి ఉండొచ్చు. డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో చూడకుండా లోపల చెయ్యి పెట్టకూడదు. ఇంకోటి, సోల్డర్ వెనక్కి తీయొచ్చు గానీ ప్యానెల్‌కు వేసిన రంధ్రం పూడదు. పాత యాంప్ ధర అక్కడే పడిపోతుంది.

టోన్: మాస్టర్ తగ్గిస్తే డిస్టార్షన్ ప్రీయాంప్ (సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) ట్యూబుల్లోనే పుడుతుంది, స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు చెమటోడ్చవు. నా చెవికి అది 70ల కన్నా 80ల సౌండ్. పెడల్‌లో గెయిన్ తగ్గించి, లెవెల్ పెంచితే యాంప్ గొంతు అలాగే నిలుస్తుంది. అన్నట్టు, ఏదైనా చేసే ముందు యాంప్‌లోని రెండు చానెళ్లనూ చిన్న కేబుల్‌తో కలిపి చూడండి. పైసా ఖర్చులేదు.

యాంప్ ఒరిజినల్‌గా ఉంటే పెడలే. ఎవరో ఎప్పుడో రంధ్రాలు వేసేసిన యాంప్ చవగ్గా దొరికి, ఎక్కువ గెయిన్ కావాలంటే మార్పు చేయించండి.