ఇంటి పిలుపును అచ్చువేసే జంట మగ్గులు: హనుమకొండలోని ఒక గిఫ్టు దుకాణంపై సమీక్ష

భార్యాభర్తలు ఒకరినొకరు పిలుచుకునే మాటలను మగ్గుల మీద అచ్చువేసి ఇచ్చే దుకాణం ఒకటి హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో ఉంది. అక్కడ నేను రెండు జతలు చేయించాను. ఒకటి మా అవ్వ, బాపుల (అమ్మానాన్నల) పెండ్లి రోజుకు, మరొకటి కొత్తగా పెండ్లయిన మా అక్క కూతురికి. రెండూ బాగా వచ్చాయి. అయితే అక్కడ సిద్ధంగా పెట్టిన జతలను కొనవద్దనీ, మీ ఇంటి మాట ఏదో చెప్పి చేయించుకోవాలనీ నా గట్టి అభిప్రాయం.

అలమారలో ఉన్నవి ‘శ్రీవారు–శ్రీమతి’, ‘ఏమండీ–ఏమే’, ‘కింగ్–క్వీన్’, ‘హబ్బీ–వైఫీ’. మా బంధువుల్లో గానీ ఇరుగుపొరుగులో గానీ భర్తను ‘శ్రీవారూ’ అని పిలిచే ఇల్లాలిని నేను చూడలేదు. ‘ఏమండీ–ఏమే’ జత మీద నా అభ్యంతరం వేరు. ఒక మగ్గుకు మర్యాద, రెండో మగ్గుకు ఏకవచనం. ఇద్దరికీ ఇష్టమై అలా పిలుచుకుంటే అది వారి ఇంటి సంగతి. ఆ హెచ్చుతగ్గులను మనమే డబ్బు పెట్టి కొని, కాపురం మొదలుపెట్టే పిల్లలకు కానుకగా ఇవ్వడం మాత్రం నాకు నచ్చదు. మా వైపు పల్లెల్లో భార్య భర్తను ‘నువ్వు’ అనడం కొత్తేమీ కాదు, దాన్ని అమర్యాదగా ఎవరూ తీసుకోరు.

మా అవ్వ బాపును పేరు పెట్టి పిలవదు. పెండ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డ అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తానంటే చెప్పిందట, అంతే. పేరు పలికితే భర్తకు ఆయుష్షు తగ్గుతుందన్న నమ్మకంలో పెరిగిన మనిషి. పిల్లలతో ‘మీ బాపు’ అంటుంది, వాడకట్టులో ‘పెద్దోని బాపు’ అంటుంది, ఎదురుగా ఉన్నప్పుడు ‘ఇనవడ్తుందా’ అంటుంది. బాపుకు అలాంటి నమ్మకమేదీ లేకపోయినా, నలుగురిలో భార్యను పేరుతో పిలవడానికి సిగ్గుపడిన తరం ఆయనది. కనుక ఇంట్లో అడుగుపెడుతూనే ‘ఏడున్నవ్’ అంటాడు. పేరూ వరుసా లేని ఈ రెండు మాటలతోనే వాళ్ళ సంసారం నడిచింది. ఇంట్లో ఎంతమంది ఉన్నా, ఆ పిలుపు తనకేనని రెండో మనిషికి తెలుస్తుంది. ఈ మాటలే కావాలని చెప్పినప్పుడు దుకాణం నడిపే యువకుడు నవ్వలేదు, సరిదిద్దబోలేదు. “అన్నా, ఎట్ల అంటరో అట్లనే కొట్టాలె గదా?” అని ఒక్కమాట అడిగి రాసుకున్నాడు. ఈ దుకాణానికి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇందుకే.

అక్క కూతురి సంగతి వేరు. భర్త బయటి సంబంధమే అయినా అతనిని ‘బావా’ అనే పిలుస్తుంది. మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకునే ఆచారం ఉన్న ఇండ్లలో బావ అనే వరుస పెండ్లికి ముందే ఉండేది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా దగ్గరి చుట్టరికంలో పెండ్లిండ్లను నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. ఇప్పుడు మేనరికాలు వద్దనుకునే కుటుంబాల్లోనూ ఆ పిలుపు మిగిలింది, దానిలోని చనువూ మిగిలింది. అతను మాత్రం ఆమెను పేరుతోనే పిలుస్తాడు. అందుకే ఒక మగ్గు మీద ‘బావ’ అనీ, రెండో దాని మీద ఆమె పేరూ వేయించాను. పేరు పెట్టి పిలిస్తే ప్రేమ తక్కువనే పెద్దల మాటతో నేను ఏకీభవించను.

ఇక పనితనం. అక్షరాలను అద్దంలో బొమ్మలా తిరగేసి అచ్చువేసిన కాగితాన్ని, ప్రత్యేకమైన పూత ఉన్న తెల్ల మగ్గుకు చుట్టి, వేడి యంత్రంలో బిగిస్తారు. ఆ వేడికి రంగు ఆవిరై పూతలోకి ఇంకుతుంది కాబట్టి గోటితో గీకినా లేచిరాదు. ఆ పూత లేని మన ఇంటి కప్పులు తీసుకుపోతే పని జరగదు. స్టీలు పీచుతో తోమకుండా ఉంటే మంచిది. అక్షరాల వెనక కాకతీయ కళాతోరణం బొమ్మ కూడా వేస్తారు గానీ, దానివల్ల అక్షరం మసకబారుతుంది, వద్దనండి. జతకు 500 రూపాయలు తీసుకున్నారు, అది న్యాయమైన ధరే.

లోపం తెలుగు అక్షరాల దగ్గరే కనిపించింది. మొదట తెర మీద చూపిన నమూనాలో ‘ఇనవడ్తుందా’లోని త వొత్తు కిందికి దిగకుండా, డకారం పొల్లుతో విడిగా, పక్కన తకారం విడిగా పడ్డాయి. చెప్పిన వెంటనే ఫాంటు మార్చి సరిచేశారు. అయినా తెలుగు మాటలు అమ్ముకునే దుకాణం వారు కొనేవాడి కంటే ముందే దీన్ని పట్టుకోవాలి. నమూనా చూడకుండా డబ్బు కట్టకండి, ముఖ్యంగా ‘పెండ్లాం’, ‘శ్రీమతి’ వంటి వొత్తుల మాటలకు.

మా బాపులా స్టీలు గ్లాసులోనే చాయ్ తాగేవారికి ఇక్కడ ఏమీ దొరకదు. అటువంటి వారికోసం స్టీలు సామాన్ల దుకాణంలో గ్లాసు కొని, పేరు చెక్కే మనిషి చేతనే ఇంటి పిలుపును చెక్కించండి. చెప్పకపోతే అలవాటుగా ఇంటిపేరు, యజమాని పేరు చెక్కేస్తారు, కాబట్టి కావలసిన మాటను కాగితం మీద రాసి ఇవ్వండి.