స్కౌట్‌మాస్టర్ గారి పేరు మీద వెయ్యి డాలర్లు: జేమ్స్ ఇ. వెస్ట్ ఫెలోషిప్ మీద నా రివ్యూ

అమెరికాలో పిల్లల్ని స్కౌట్స్‌లో చేర్పించిన మనవాళ్లకు ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు వినబడుతుంది. స్కౌట్స్ స్థానిక శాఖ (కౌన్సిల్ అంటారు) శాశ్వత నిధికి కనీసం వెయ్యి డాలర్లు ఇస్తే, మనం చెప్పినవారి పేరు మీద సర్టిఫికెట్, యూనిఫాం జేబు పైన కుట్టుకునే ముడి గుర్తు (స్క్వేర్ నాట్ అంటారు) ఇస్తారు. మా అబ్బాయి స్కౌట్స్‌లో అన్నిటికన్నా పై ర్యాంకైన ఈగల్ స్కౌట్ అయినప్పుడు, వాళ్ల బృందాన్ని నడిపే స్కౌట్‌మాస్టర్ గారి పేరు మీద మేం ఇచ్చాం.

ఈగల్ కావాలంటే 21 మెరిట్ బ్యాడ్జీలు (ఒక్కో విద్య నేర్చుకుంటే ఒక్కోటి ఇస్తారు), ఊరికి పనికొచ్చే ఒక సేవా ప్రాజెక్టు, అన్నీ 18 ఏళ్లు నిండేలోపు పూర్తి చేయాలి. ఈత బ్యాడ్జీ దగ్గర మొరాయించి కూర్చున్న మావాణ్ణి విసుక్కోకుండా నీళ్లలోకి దింపింది ఆయనే. పైసా జీతం లేదు. సొంత పిల్లలు పెద్దవాళ్లై ఎప్పుడో వెళ్లిపోయినా, వారం వారం మన పిల్లల కోసం వస్తారు. గిఫ్ట్ కార్డు ఇస్తే తీసుకోరు. ఇది మాత్రం కాదనలేకపోయారు!

మన గుళ్లలో శాశ్వత పూజకు కట్టినట్టే ఇదీ. అసలు సొమ్ము అలాగే ఉంటుంది, దాని మీద వచ్చేదే వాడతారు. ఇలాంటి నిధుల్లో ఏడాదికి నాలుగైదు శాతం తీయడం మామూలు. అంటే మా వెయ్యి మీద 40, 50 డాలర్లు. ఒక పిల్లాడి జాతీయ సభ్యత్వ రుసుమే ఏడాదికి 80 డాలర్లు దాటింది కాబట్టి అది కూడా పూర్తిగా రాదు. అయినా మావాడు కాలేజీకి వెళ్లాక కూడా ఏటా ఇంకెవరి పిల్లలకో అందుతూనే ఉంటుందన్నది నాకు చాలా నచ్చింది. ఫెలోషిప్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ వెస్ట్ గారు తల్లీతండ్రీ లేక వాషింగ్టన్‌లో అనాథాశ్రమంలో పెరిగి, కాలు సరిగా లేకపోయినా లాయరై, 1911 నుంచి 1943 దాకా అమెరికా స్కౌట్స్ సంస్థను నడిపిన మనిషి. ఆ పేరు ఇక్కడ ఉండాల్సిందే.

డబ్బు కట్టే ముందు నాకు బాగా టెన్షన్ పెట్టింది దివాలా సంగతి. పిల్లల మీద జరిగిన లైంగిక వేధింపుల కేసులతో జాతీయ సంస్థ 2020లో దివాలాకు వెళ్లి 2023లో బయటపడింది. పరిహార నిధికి స్థానిక కౌన్సిళ్లు కూడా డబ్బు ఇచ్చాయి. ఆ బాధితులకు దక్కాల్సింది దక్కాలి, అందులో రెండో మాట లేదు. దాతగా మీరు చేయాల్సింది, మీ డబ్బు శాశ్వత నిధికే వెళ్తుందని, రోజువారీ ఖర్చులకు వాడరని కాగితం మీద రాయించుకోవడం. మేం అడిగితే ఇచ్చారు. ఏటా అడిగే చందా వేరు, ఇది వేరు. దాని బదులు ఇది ఇస్తామంటే కుదరదు.

ఐటీలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఏడాదికి మించి మీ దగ్గరున్న, విలువ పెరిగిన షేర్లు ఉంటే అమ్మి నగదు ఇవ్వకండి, షేర్లే బదిలీ చేయండి. పెరిగిన లాభం మీద మీకు పన్ను పడదు. మీ కంపెనీ మ్యాచింగ్ (మీ విరాళానికి తోడు తనూ కొంత ఇవ్వడం) ఇస్తుందేమో కూడా ముందే కనుక్కోండి.

నచ్చనిది ఒక్కటే. డబ్బు వెంటనే తీసుకున్నారు గానీ, మెచ్చుకోలు మాత్రం ఆలస్యం. మా కౌన్సిల్ ఆఫీసుకు పదే పదే ఫోన్ చేస్తే గానీ సర్టిఫికెట్ రాలేదు, అదీ వేడుక ముందు రోజు. ఈలోగా పై స్థాయికి పెంచుకోమని ఈమెయిల్ వచ్చేసింది! దాతల విభాగం ఈ పద్ధతి మార్చుకోవాలి. మీరు మాత్రం కోర్ట్ ఆఫ్ ఆనర్‌కు (బ్యాడ్జీలు, ర్యాంకులు అందించే వేడుక) కనీసం రెండు నెలల ముందే కాగితాలు పంపండి.

నావి ఐదుకు నాలుగు నక్షత్రాలు. మీ ట్రూప్‌కు (పిల్లల స్కౌట్ బృందానికి) ఇప్పుడే టెంట్లు లేకపోతే, ఫీజు కట్టలేక ఏ పిల్లాడైనా ఆగిపోతుంటే, ముందు ఆ వెయ్యి అక్కడే ఇవ్వండి. ఫెలోషిప్ వచ్చే ఏడాదైనా తీసుకోవచ్చు.